వెనక బండి ఉందని చెప్పాలి

గాజుపెంకులు ఏరడానికి చీపురు పనికిరాదు. తడిగుడ్డతో అద్ది తీయాలి. ట్రైలర్ లోపల మోకాళ్ళ మీద కూర్చుని నేను ఆ పని చేస్తుంటే, బయట పికప్‌కి ఆనుకుని నిలబడిన మా ఆయన అన్నారు, "సరిగ్గా సర్దితే ఎందుకు పగులుతాయి సలోమీ?" అని. కోపంగా కాదు. ఆయనకి కోపం రాదు. చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా అంటారు. అందుకే ఆ మాట లోపలికి దిగి చాలా రోజులు అక్కడే ఉండిపోతుంది.

ఆ నెలలో అది మూడోసారి. ఈసారి పగిలినవాటిలో, రాత్రంతా ఇంక్యుబేటరులో ఉంచి చూడాలని తెచ్చిన శ్రీహరిరాజుగారి రొయ్యల చెరువు నీళ్ళ సీసా కూడా ఉంది. ఆయనది ఉండి అనే ఊరు.

నేను మైక్రోబయాలజీ చదువుకున్నాను. ఏలూరులో ఉంటాం. చెరువు గట్టు దగ్గరికే వెళ్ళి నీళ్ళు పరీక్ష చేసే చిన్న ల్యాబు ఒకటి ట్రైలర్‌లో అమర్చుకున్నాను. మైక్రోస్కోపు, ఇంక్యుబేటరు, చిన్న ఫ్రిజ్, బ్యాటరీలు, నీళ్ళ ట్యాంకు, అన్నీ అందులోనే. దాన్ని లాగేది మా ఆయన ఎజ్రా పికప్. పొద్దున్న అయిదింటికి లేచి టిఫిను చేసి, అత్తయ్యగారికి షుగరు బిళ్ళలిచ్చి, మధ్యాహ్నానికి అన్నం కూరలు వండిపెట్టి, సీసాలన్నీ పాత చీరముక్కల్లో చుట్టి సర్దుకుని ఏడింటికి బయల్దేరతాను. ఆయన స్నానం చేసి వచ్చి స్టీరింగ్ పట్టుకుంటారు. గట్టు మీద నేను లోపల మైక్రోస్కోపు మీద వంగి ఉంటే, ఆయన బయట కుర్చీలో కూర్చుని రైతులకి నా రిపోర్టు చదివి వినిపిస్తారు. "పాపం, మావాడు పెళ్ళాం బండి లాక్కుంటూ ఊళ్ళు తిరుగుతున్నాడు" అని మా అత్తయ్య కృపమ్మగారు చర్చిలో నలుగురి ముందూ చెప్పుకుంటారు. నేను పక్కనే ఉంటాను.

రాజుగారి నీళ్ళు మళ్ళీ తెచ్చి పరీక్ష చేయడానికి ఇంకో రోజు పట్టింది. ఆ ఒక్క రోజులో జబ్బు ముదిరిపోయింది. రొయ్యలు గట్టు వారకి వచ్చి చావడం మొదలైంది. సైజుకి రాకుండానే చెరువు పట్టుబడి చేసి రొయ్యల్ని అమ్మేయాల్సి వచ్చింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. నేను అక్కడే నిలబడి ఉండగా మా ఆయనతో అన్నారు: "ఏమీ అనుకోకండి ఎజ్రాగారూ, మేడమ్‌గారికి ఇది కష్టంగా ఉన్నట్టుంది. ఇంటిపట్టున ఉంచండి." మా ఆయన తల ఊపారు. ఆ ఊపు నేను చూశాను.

ఆ తర్వాత మొదట నన్ను నేనే అనుమానించుకున్నాను. ఆడవాళ్ళకి అది అలవాటైన దారి. చీరముక్కలు తీసేసి స్పాంజి పెట్టాను. ప్రతి సీసాకీ గడి చేయించాను. సర్దేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుని, పగిలాక దాన్ని మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను. ఎక్కడా లోపం కనపడలేదు. అయినా పగులుతూనే ఉన్నాయి, వారానికొకటో రెండో. రాజుగారి మాట ఊళ్ళలో పాకింది. ఫోన్లు తగ్గాయి.

అప్పుడే మా ఆయనకి జ్వరం వచ్చి నాలుగు రోజులు మంచం దిగలేదు. మా బావగారు సత్యవేదం తన దగ్గర పనిచేసే డ్రైవర్ దేవరాజుని పంపారు. యాభై దాటిన మనిషి, ఎక్కువ మాట్లాడడు. నాలుగు రోజులు, ఆరు ఊళ్ళు, అవే గట్లు, అవే గతుకులు. ఒక్క సీసా పగల్లేదు.

ఎప్పుడూ వెనక సీట్లో కూర్చునేదాన్ని, నాలుగో రోజు ముందు సీట్లో కూర్చున్నాను. బండి కదిలేముందు దేవరాజు గేరు పక్కనున్న మీట ఒకటి నొక్కాడు. ఎదురుగా ట్రైలర్ బొమ్మతో పసుపుపచ్చ లైటు వెలిగింది. ఆ లైటు నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. అదేమిటని అడిగాను.

"టోయింగ్ మోడ్ అంటారండీ. వెనక బండి ఉందని దీనికి మనం చెప్పాలండి. చెప్పకపోతే ఖాళీగా పోతున్నాననుకుంటది. గట్టెక్కేటప్పుడు గేరు పైకీ కిందకీ మార్చేసుకుంటా ఉంటది, మార్చినప్పుడల్లా వెనక బండిని గుంజుద్ది. దిగేటప్పుడు ఇంజను పట్టి ఉంచదు, బ్రేకు తొక్కాలి, వెనకది వచ్చి పొడుస్తది. ఇది నొక్కితే ఒకే గేరు మీద నిలబడి పోద్దండి."

ఎక్కడ నేర్చుకున్నావని అడిగాను.

"ఎజ్రాగారే నేర్పారండి. సత్యవేదంగారి జనరేటరు లాగేటప్పుడు మర్చిపోతే కేకలేసేవారు."

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చేపల చెరువులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆయనకి తెలుసు. ఇంకొకడికి నేర్పేటంత బాగా తెలుసు. మరి రెండు నెలలుగా నా వెనక నిలబడి సర్దడం రాదన్నారే? ఒకసారి అనుమానం మొదలయ్యాక పాతవన్నీ వచ్చి వరస కట్టాయి. రాజుగారి ముందు తల ఊపడం. బావగారు వచ్చినప్పుడు వరండాలో ఇద్దరూ గొంతు తగ్గించి మాట్లాడుకోవడం. వారమంతా పికప్ తన చెరువులకే కావాలని బావగారు అడుగుతున్నట్టు అత్తయ్య నోరు జారడం. నా పని ఆగిపోతే బండి ఖాళీ. ఆగిపోవడానికి ఎవరూ ఏమీ చేయక్కర్లేదు, ఒక మీట నొక్కకుండా ఉంటే చాలు. కట్టుకున్న మనిషి గురించి ఇలా ఆలోచిస్తున్నానేమిటని సిగ్గుపడ్డాను. సిగ్గుపడుతూనే ఆలోచించాను.

తిరిగొచ్చేటప్పుడు భీమడోలులో రైసుమిల్లు కాటా దగ్గర ఆపమన్నాను. ట్రైలర్‌ని విప్పి కాటా మీద నిలబెట్టించాను. పదమూడు వందల ఎనభై కిలోలు. చీటీ మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

మా ఆయన లేచి తిరగడం మొదలుపెట్టాక నేను ముందు సీటు వదల్లేదు. ఆయన కుడిచేయి స్టీరింగ్ మీద, ఎడమచేయి ఒళ్ళో. ఆ చేతినే చూస్తూ కూర్చునేదాన్ని. మూడు ప్రయాణాల్లో ఒక్కసారి కూడా అది మీట వైపు పోలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక బావగారి చక్రాల జనరేటరు కైకలూరు దగ్గర చెరువుకి చేర్చాలన్నారు. ఊరికే తిరిగొస్తానని నేనూ ఎక్కాను. తాళం తిప్పగానే ఆయన ఎడమచేయి, చూడకుండానే, మీట నొక్కింది. లైటు వెలిగింది.

ఊరు దాటేదాకా ఆగాను.

"ఏవండీ, ఈ లైటు నా ట్రైలర్‌కి ఎందుకు వెయ్యరు?"

"ఇది లోడు కదా. నీ ట్రైలర్‌కి వేస్తే డీజిలు దండగ. నీదేముంది, సీసాలేగా."

"ఆ జనరేటరు మీద బరువు రాసి ఉంది, పదకొండు వందలని. నాది ఇదండీ" అని చీటీ చూపించాను.

ఆయన బండి పక్కకి ఆపి చీటీ చదివారు. తిప్పి వెనకవైపు కూడా చూశారు. అబద్ధమాడేటప్పుడు ఆయన మొహం ఎలా ఉంటుందో నాకు పద్నాలుగేళ్ళుగా తెలుసు. దానికోసమే వెతికాను.

"నాకు తట్టలేదు సలోమీ. నిజంగా తట్టలేదు."

అది నిజమే. నేను వెతికిన కుట్ర అక్కడ లేదు. హమ్మయ్య అనుకోవాలి కదా, అనుకోలేకపోయాను. నా పని చెడగొట్టాలని చూసి ఉంటే ఆయన దృష్టిలో కనీసం నాకొక పనంటూ ఉండేది. రోజూ నేను ఎక్కించి, దించి, కడిగి, తుడిచినదంతా ఆయనకి బరువుగానే తోచలేదు. ఎవరి జనరేటరైనా, ఎవరి వరిబస్తాలైనా లోడే. నాది మాత్రం సీసాలు.

"మరి రాజుగారు నన్నన్నప్పుడు తల ఎందుకు ఊపారు?"

ఆయన చీటీ మడిచి నా చేతికిచ్చారు. "పెద్దాయన, ఏమంటాం? నువ్వూ అలిసిపోతున్నావు కదా. వచ్చేనెల నుంచి బండి అన్నయ్యకి ఇస్తానన్నాను. నీకు చెబుదామనే ఉన్నాను" అన్నారు. అంటే నా అనుమానం పూర్తిగా తప్పూ కాదు.

సోమవారం పొద్దున్న తాళాలు నేను తీసుకున్నాను. లైసెన్సు పెళ్ళికి ముందే తీసుకున్నాను, ఇన్నాళ్ళూ అది ఫొటో ఉన్న కార్డుగానే పనికొచ్చింది. వంట సంగతేమిటని అత్తయ్యగారు అడిగారు. "పిండి రుబ్బి పెట్టానండీ, ఆయన వేసిస్తారు" అన్నాను. ఆయన గుమ్మంలోకి వచ్చారు. నీకు నడపడం రాదు అని ఆయన నోటిదాకా వచ్చింది. "బావగారికి మాటిచ్చింది మీరు. ఏం చెబుతారో మీరే చెప్పండి. వారానికి అయిదు రోజులు బండి నాతో ఉంటుంది" అని, బండెక్కి మీట నొక్కాను.

గణపవరం మీదుగా నెమ్మదిగా పోయాను. కాలవ వంతెన ఎక్కేటప్పుడు ఇంజను గొంతు పెరిగింది గానీ వెనక నుంచి గుంజుడు లేదు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టేలోపే బండి తనంతట తను తగ్గింది. ఉండి ఊరు చేరేదాకా అలాగే నడిపాను.

రాజుగారు పిలవలేదు. నేనే వెళ్ళాను. చెరువులో కొత్త రొయ్యపిల్ల వేశారని విన్నాను. గట్టు సన్నగా ఉంది, ట్రైలర్‌ని వెనక్కి నడిపి షెడ్డు పక్కన పెట్టాలి. స్టీరింగ్ ఎటు తిప్పితే అది రెండోవైపు పోతోంది. మూడుసార్లు తప్పింది. షెడ్డులోంచి నలుగురు బయటికొచ్చి చూస్తున్నారు. రాజుగారు దగ్గరికొచ్చి, దిగమ్మా, మావాడు తిప్పి పెడతాడన్నారు. వద్దండీ అన్నాను. అయిదోసారికి వచ్చింది.

దిగి, ఆ రోజు మీ సీసా పగిలిన సంగతి మాట్లాడడానికి వచ్చానని చెప్పాను. అయిపోయిందేదో అయిపోయింది, ఇప్పుడెందుకు అన్నారాయన మొహమాటంగా, నా వెనకున్న బండిలోకి చూస్తూ. ఆయన కళ్ళు మా ఆయన కోసం వెతుకుతున్నాయి.

"నేను సరిగ్గానే సర్దానండీ" అన్నాను.

"మరి ఎలా పగిలిందమ్మా?"

పద్నాలుగేళ్ళుగా బయటివాళ్ళ ముందు మా ఆయన తప్పు ఒక్కటి కూడా నా నోట రాలేదు. ఏదైనా నా మీద వేసుకోవడమో, నవ్వి ఊరుకోవడమో చేసేదాన్ని.

"మావారు బండి సరిగ్గా నడపలేదండీ" అన్నాను.