అరువు గొంతు

ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని కొందరి గురించి అంటారు. మా ఆయన ఇంట్లోనూ పిల్లే, వీధిలోనూ పిల్లే. స్టూడియోలో మైకు ముందు నిలబడితే మాత్రం పులి, సింహం, పిల్లల బొమ్మల సినిమాల్లో ఎలుగుబంటి కూడా. డబ్బింగ్ చెప్పడం ఆయన వృత్తి. తెర మీద ఎవరెవరో పెదవులు కదుపుతుంటే మాటలు ఈయన గొంతులోంచి వస్తాయి. కూరగాయల బండి దగ్గర బేరమాడమంటే నోరు పెగలదు గానీ, రోజూ వచ్చే సీరియల్లో ఓ పెద్దమనిషికి గొంతిచ్చి ఇంటిల్లిపాదినీ గడగడలాడిస్తాడు.

అలాంటి మనిషికి ఒక వార్తా ఛానల్ నుంచి పిలుపొచ్చింది. తాగునీటిలో విషం కలుస్తోందని నీటి పరీక్షల శాఖకు ఎప్పటినుంచో తెలుసట. ఆ ఫలితాల మీద రహస్యం అని ముద్ర వేసి బీరువాలో పెట్టి తాళం వేశారట. ఆ శాఖలోనే పనిచేసే ఒక అబ్బాయి ఆ కాగితాలు బయటికి తెచ్చి ఛానల్ విలేకరి చేతిలో పెట్టాడు. ముఖం కనబడకూడదు, గొంతు తెలియకూడదు అన్న షరతు మీద కెమెరా ముందు మాట్లాడటానికీ ఒప్పుకున్నాడు. ముఖాన్ని చీకట్లో ఉంచి నీడలా చూపించారు. మెషీన్‌తో మార్చిన గొంతును మళ్లీ మామూలుగా చేసేయవచ్చని విలేకరి భయం. అందుకే గొంతు మా ఆయనది అరువు తీసుకున్నారు. హెడ్‌ఫోన్లలో ఆ అబ్బాయి అసలు గొంతు వింటూ, ఎదురుగా నీడను చూస్తూ మా ఆయన అవే మాటలు తన గొంతుతో చెప్పాడు. పని కాగానే అసలు రికార్డింగును ఆయన కళ్లముందే చెరిపేశారు.

ప్రసారమైన రోజు ఊరంతా టీవీలకు అతుక్కుపోయింది. నేనూ చూశాను. గొంతు మా ఆయనదే, మనిషి మాత్రం మా ఆయన కాడు. కష్టమైన మాట వచ్చినప్పుడల్లా నోటితో చిన్నగా ఊపిరి లోపలికి లాగి, రవ్వంత ఆగి, అప్పుడు అంటున్నాడు. అదేమిటని అడిగితే గర్వంగా చెప్పాడు. ఆ అబ్బాయి అలాగే మాట్లాడతాడట. ఊపిరి తీసుకున్నప్పుడల్లా నీడలో భుజాలు లేస్తాయట, సరిగ్గా అక్కడ ఊపిరి పడకపోతే మాట అతికించినట్టు ఉంటుందట. మాటలు పట్టుకోవడం ఎవడైనా చేస్తాడు, ఊపిరి పట్టుకోవడమే పనితనం అన్నాడు. నేనూ మెచ్చుకుని ఇంకో కప్పు టీ ఇచ్చాను.

ఆ ఊపిరి ఇక మా ఇంట్లోనే ఉండిపోయింది. నేను బట్టలు మడత పెడుతుంటే పక్క గదిలో ఎవరో పరాయివాడు ఊపిరి లాగినట్టు వినిపించేది. వెళ్లి చూస్తే మా ఆయనే ఫోన్లో మాట్లాడుతూ ఉండేవాడు. నాతో మాట్లాడినా అంతే, కరెంటు బిల్లు గురించి మాట్లాడినా అంతే. ఆ వేషాలు స్టూడియోలో వేసుకోండి అని కసిరాను. ఏం వేషాలు అని తెల్లమొహం వేశాడు. నిజంగానే ఆయనకు తెలియదు. అది అర్థమయ్యాక, నేను కాపురం చేస్తున్నది మొగుడితోనా, మొగుడిలో దూరిన ఇంకెవరితోనా అనిపించి, ఆయన నిద్రపోతుంటే కూడా చెవులు రిక్కించి వినేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ తలుపు తట్టింది. సీరియల్లో పెద్దమనిషికి గొంతిచ్చే బాబు ఇల్లు ఇదేనా అని అడిగింది. స్టూడియో దగ్గర వాచ్‌మన్ కాళ్లావేళ్లా పడి అడ్రసు సంపాదించిందట. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. కొడుకు నీటి పరీక్షల శాఖలో పని చేసేవాడని చెప్పింది. ఆ వార్త వచ్చిన కొద్దిరోజులకు ఎప్పటిలాగే ఆఫీసుకు వెళ్లి ఇక తిరిగి రాలేదు. సెలవు పెట్టి వెళ్లాడని ఆఫీసువాళ్లు అన్నారు. ఎదిగిన మగాడు, ఎక్కడికో పోయుంటాడు, వస్తాడులే అని పోలీసులు అన్నారు. టీవీలో మాట్లాడింది అతనేనని ఒక్కరు సాక్ష్యం చెప్పినా కోర్టు ప్రభుత్వాన్ని నిలదీస్తుందని, లేకపోతే ఇది ఇల్లు విడిచిపోయిన కొడుకు కథే అవుతుందని లాయరు చెప్పాడట. ఛానల్‌వాళ్లు మాకేమీ తెలియదని పంపేశారు.

ఆయన ఊళ్లో లేరని అబద్ధమాడాను. ఆయన వంటగదిలోనే ఉన్నాడు, మా మాటలన్నీ విన్నాడు. ఏదో చెప్పబోయాడు కాబోలు, లోపలినుంచి ఆ ఊపిరి వినిపించింది. మాట రాలేదు, ఊపిరి ఒక్కటే.

పెద్దావిడ గ్లాసు వదిలేసింది. "చంటీ" అంటూ నన్ను తోసుకుని లోపలికి పరుగెత్తింది. నేను వెనకే వెళ్లేసరికి వంటగది గుమ్మం పట్టుకుని ఆగిపోయి ఉంది. ఎదురుగా పొయ్యి పక్కన మా ఆయన. అంతవరకూ ఆమె ముఖంలో వెలిగినదంతా ఆరిపోవడం నేను దగ్గరగా చూశాను. అలాంటి చూపు పగవాళ్లకు కూడా వద్దు.

ఆమె అక్కడే నేల మీద కూలబడింది. కాసేపటికి తేరుకుని చెప్పింది.

"చిన్నప్పుడు వాడికి నత్తి, బాబూ. బళ్లో పిల్లలు ఏడిపించేవాళ్లు. మాట అడ్డం పడితే చిన్న ఊపిరి తీసుకో, ఆగు, అప్పుడు అను అని నేనే నేర్పాను. సీరియల్లో రోజూ నీ గొంతు వింటాను, అందులో ఆ ఊపిరి లేదు. వార్తల్లో ఉంది. అది నీది కాదు."

మా ఆయన ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తల్లి పట్టుకున్నదాన్ని ఆఫీసులో పక్క కుర్చీవాడు పట్టుకోలేడా? ఆ ఆలోచన ముగ్గురికీ వచ్చిందని ముఖాలు చూస్తేనే తెలుస్తోంది.

మా ఆయన కబురు చేస్తే సాయంత్రం విలేకరి వచ్చింది. నా చెల్లెలి వయసు ఉంటుంది. కాగితాలు ఎవరిచ్చారో చెప్పమని పోలీసులు ఆమెను రోజూ విచారణకు పిలిచి కూర్చోబెడుతున్నారు, ఇంతవరకూ ఒక్క ముక్క చెప్పలేదు. ఇవాళ ఒకడి పేరు బయటపెడితే రేపు ఇంకెవరూ మా దగ్గర నోరు విప్పరు, ఇలాంటి కాగితాలన్నీ బీరువాల్లోనే చెదలు పట్టిపోతాయి, సాక్ష్యం చెప్పొద్దు అని మా ఆయన్ని బతిమాలింది. అది నిజమే అనిపించింది. అయినా నాకు కోపం ఆగలేదు. ప్రభుత్వానికీ రహస్యమే, మీకూ రహస్యమే, మధ్యలో ఈవిడ అడకత్తెరలో పోకచెక్కలా నలగాలా అని అడిగాను. మాటిచ్చింది ఆ అబ్బాయికి కదా, ఆ అబ్బాయే లేకపోతే ఆ మాట ఎవరికోసం అన్నాను.

"ఎక్కడో దాక్కుని ఉంటే, అక్కా? మనం పేరు చెబితే అదే ఉరితాడు అవుతుంది" అంది విలేకరి. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

దాక్కుంటే నాకు ఒక్క కబురైనా పంపకుండా ఉండడు అని పెద్దావిడ గొణిగింది. అప్పుడు మా ఆయన, పెళ్లయిన ఇన్నేళ్లలో నా వైపు చూడకుండా, నన్ను అడగకుండా, మొదటిసారి ఒక నిర్ణయం చెప్పాడు. కోర్టుకు వస్తానన్నాడు.

కోర్టులో ప్రభుత్వ లాయరు లేచి, ఇది రహస్య పత్రాలకు సంబంధించిన విషయం, తలుపులు మూసి విచారించాలన్నాడు. జడ్జి సరేనన్నాడు. లాయర్లు, మా ఆయన లోపల. పెద్దావిడా నేనూ బయట వరండాలో బెంచీ మీద. కన్నకొడుకు సంగతి వినడానికి కన్నతల్లికి అర్హత లేదట. తలుపుకు అటూ ఇటూ కానిస్టేబుళ్లు నిలబడ్డారు.

ఆ అబ్బాయి ఎలా మాట్లాడాడో మాట్లాడి చూపించమన్నారు కాబోలు. తలుపు సందులోంచి సన్నగా వినిపించింది. ఊపిరి, ఆగడం, మాట. మళ్లీ ఊపిరి. పెద్దావిడ కళ్లు మూసుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా గాజులు చర్మంలో దిగబడ్డాయి. లాక్కోలేదు. ఆ తర్వాత ప్రభుత్వ లాయరు గొంతు చాలాసేపు నెమ్మదిగా నడిచింది. ఎంత చెవి ఒగ్గినా ఒక్క మాట అందలేదు.

తలుపు తెరిచారు. ముందు పెద్దావిడ లాయరు వచ్చాడు. తీర్పు సీలు వేసిన కవరులో ఉంటుందని, లోపల విన్నది బయట చెబితే జైలేనని, అందరి చేతా సంతకాలు పెట్టించుకున్నారని నేల చూస్తూ చెప్పి తప్పుకున్నాడు. వెనక మా ఆయన వచ్చాడు. రక్తమంతా తోడేసినట్టు ఉన్నాడు.

పెద్దావిడ లేచి ఆయనకు ఎదురుగా నిలబడింది.

"ఒక్క మాట, నాయనా. ఉన్నాడా?"

కానిస్టేబుళ్లు ఇటు తిరిగారు. మా ఆయన సంగతి నాకు తెలుసు, ఎదుటివాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటే ఏదీ దాచలేడు. చెప్పేస్తాడు, ఇప్పుడే చెప్పేస్తాడు అనుకున్నాను. చెప్పమనే నోరూ నాకు లేదు, వద్దనే నోరూ లేదు. ఆయన పెదవులు కదిలాయి.

పెద్దావిడ ఆయన ముఖం చూసింది, కానిస్టేబుళ్లను చూసింది, చివరికి నన్ను చూసింది. చేయెత్తి ఆయన నోరు మూసింది.

"వద్దు నాయనా. నువ్వు చెబితే రేపు ఈ పిల్ల నాలాగే తిరగాలి" అంది.