ఇంజన్ బంద్ చేసినాయన

బ్రహ్మచారి తుంగకుంట కథను ఇరవై రెండేళ్లుగా చెబుతున్నాడు. కాలనీ సంఘాలకు చెప్పాడు, కాలేజీల్లో చెప్పాడు, ఒకసారి టీవీ వాళ్లకూ చెప్పాడు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ చప్పట్లు పడతాయో ఆయనకు అలవాటైపోయింది. అందుకే సైనిక్‌పురిలోని ఒక స్కూలు నుంచి దేవకృప టీచరు వచ్చి, తొమ్మిదో తరగతి పిల్లలకు మీ జీవితం గురించి చెప్పాలని అడిగినప్పుడు ఆయన పెద్దగా ఆలోచించలేదు. సరేనన్నాడు.

దేవకృప సాంఘికశాస్త్రం చెబుతుంది. చెరువుల కోసం, గుట్టల కోసం, చెట్ల కోసం పాటుపడిన పెద్దవాళ్లు చుట్టుపక్కల ఇంకా కొందరు మిగిలి ఉన్నారు, వాళ్ల మాట వాళ్ల నోటినుంచే పిల్లల చెవిన పడాలి అన్నది ఆమె పట్టుదల. పిల్లలు వినడంతో సరిపోదు. ప్రశ్నలు అడగాలి, విన్నది రాయాలి, ఏడాది చివర అదంతా ఒక చిన్న పుస్తకం కావాలి. ఆమె పిలిచిన మొదటి మనిషి బ్రహ్మచారి.

ఆయనకు డెబ్బై ఆరేళ్లు. బోయిగూడ టింబర్ డిపోల్లో ముప్పై ఏళ్లు వడ్రంగం చేశాడు. ఇల్లు కాప్రాలో. రోజూ పొద్దున సైకిల్ మీద తుంగకుంట కట్ట పక్కనుంచే పనికి పోయేవాడు. ఒక ఎండాకాలం లారీలు వచ్చి కుంటలో మట్టి పోయడం చూశాడు. అడిగితే ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన టేకు కర్ర ఒకటి చెక్కి, దాని మీద అంగుళాల గీతలు పెట్టి, తూము దగ్గర నీళ్లలో దింపి లోతు చూడటం మొదలుపెట్టాడు. నెలనెలా రాసిపెట్టిన ఆ లెక్కలే తర్వాత కోర్టులో వకీలుకు పనికొచ్చాయి.

శనివారం మధ్యాహ్నం క్లాసులో ముప్పై మంది పిల్లల ముందు కూర్చుని బ్రహ్మచారి కథ చెప్పాడు. కుంటను ప్లాట్లు చేసేవాళ్లు ఒక పొద్దున కట్ట తెంపడానికి పొక్లెయిన్ తెచ్చారు. కట్ట తెగితే నీళ్లు పోతాయి, నీళ్లు పోతే అది కుంట కాదు, ఖాళీ జాగా. కోర్టులో కేసు మరునాడు ఉంది. ఆ ఒక్కరోజు ఆపగలిగితే చాలు. ఆయనతో వచ్చిన ఆరుగురు మాట్లాడి చూశారు. వినకపోతే ఆయన పోయి కట్ట మీద పడుకున్నాడు.

"కండ్లు మూసుకున్న. బకెట్ నా మీదికి వస్తున్న సప్పుడు ఇనొస్తుంది. కదల్లే. ఆఖరికి మిషనే ఆగింది" అన్నాడు బ్రహ్మచారి.

పిల్లలు చప్పట్లు కొట్టారు. దేవకృప గోడ మీద తెర దించి, మరునాడు పేపర్లో వచ్చిన ఫొటో చూపించింది. ఎత్తిన బకెట్ ముందు చేతులు చాచి నిలబడ్డ బ్రహ్మచారి. అప్పుడు యాభై నాలుగేళ్ల మనిషి, చొక్కా నిండా మట్టి.

రెండో బెంచీలో ఫెయిత్ అనే అమ్మాయి లేచింది. పద్నాలుగేళ్లుంటాయి. తెర వైపు వేలు చూపించి అడిగింది.

"తాతా, ఈ ఫొటోలో డ్రైవర్ లేడు కదా?"

"ఏందమ్మా?"

"క్యాబిన్ ఖాళీగా ఉంది. డోర్ కూడా తీసే ఉంది, చూడండి. మీరు నిలబడేటప్పటికే మిషన్ ఆగిపోయింది. మరి ఎవరు ఆపారు? ఆయన ఎక్కడికి వెళ్లాడు?"

బ్రహ్మచారి తెర వైపు తిరిగాడు. ఆ ఫొటో ఆయన ఇంట్లో అద్దాల ఫ్రేములో ఉంది. ఎన్ని వందల సార్లు చూశాడో. ప్రతిసారీ తనను తాను చూసుకున్నాడు, బకెట్‌ను చూశాడు. ఆ వెనక, తెరిచిన తలుపూ ఖాళీ సీటూ ఎప్పుడూ కంటపడలేదు.

"నాకెర్క లేదు బిడ్డా" అన్నాడు.

దేవకృప ఇంకెవరికైనా ప్రశ్నలున్నాయా అని అడిగింది. వేరే పిల్లలు వేరేవేవో అడిగారు. ఆయన జవాబులు చెప్పాడు గానీ మనసు అక్కడ లేదు.

ఇంటికి వచ్చేసరికి ఆయన భార్య విమలమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని పుంటికూర తుంచుతోంది. ఆయన నీళ్లు తాగి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

"విమలా, ఆ పొద్దు మిషన్ నడిపిన పిలగాడు యాదికున్నడా నీకు?"

"ఎందుకుండడు? రెండుసార్లు ఇంటికొచ్చిండు గదా."

"మనింటికా?"

ఆమె కూర పక్కన పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. "నిజంగనే మరిచినవా? మూడో దినమో నాలుగో దినమో వచ్చిండు. నువ్వు ముందర అర్రల పేపరోళ్లతోని మాట్లాడుతున్నవ్. మిషన్ నడిపిన పిలగాడు వచ్చిండని చెప్పిన. కాంట్రాక్టర్ మనిషి, రాజీకి పంపిన్రు, పొమ్మను అన్నవ్. నేను అన్నం పెట్టి పంపిన. మల్ల వారం వచ్చిండు. అప్పుడు సుత రేపు రమ్మను అన్నవ్. ఇగ రాలే."

బ్రహ్మచారికి అప్పుడు లీలగా గుర్తొచ్చింది. ముఖం కాదు, తాను అన్న మాట. ఆ రోజుల్లో రోజుకొకరు వచ్చేవారు. కొందరు బెదిరించడానికి, కొందరు బతిమాలడానికి. వచ్చినవాళ్లనల్లా ఆయన అట్లాగే పొమ్మన్నాడు.

"ఎందుకొచ్చిండో చెప్పిండా?"

"చెప్పిండు. ఇంజన్ బంద్ చేసి తాళంచెవి జేబుల ఏసుకొని దిగిపోయిండంట. కాంట్రాక్టర్ కొట్టి పని తీసేసిండంట. ఇంకోకాడ పని చూపియ్యమని నిన్నడుగుతందుకు వచ్చిండు. అది సుత నీకు చెప్పిన. నువ్వు ఇన్నవో ఇనలేవో."

"ఇనలే" అన్నాడు బ్రహ్మచారి.

 ఆమె మళ్లీ కూర చేతిలోకి తీసుకుంది.

"పేరు తిరుమల్ అన్నడు. కీసర దిక్కు మనిషి. మేనమామకు కుషాయిగూడల పంచర్ దుకాణం ఉందన్నడు. అప్పటి మాట, ఇప్పుడుందో లేదో."

సోమవారం ఆయన దేవకృపకు ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆమె తిరుమల్ పేరు, మేనమామ దుకాణం ఎక్కడో అడిగి రాసుకుంది. తర్వాత, "శనివారం నాకు మధ్యాహ్నం నుంచి ఖాళీ అండి. నా కారులో వెళ్దాం" అంది.

కుషాయిగూడలో పంచర్ దుకాణం ఇంకా ఉంది. మేనమామ పోయి నాలుగేళ్లయింది, ఆయన కొడుకు నడుపుతున్నాడు. తిరుమల్ అనగానే అతను రోడ్డు చివర ఒక రేకుల షెడ్డు చూపించాడు. పొక్లెయిన్లకూ టిప్పర్లకూ ఆయిల్ పైపులు పగిలిపోతే కొత్తవి కోసి బిగించే షెడ్డు. లోపల నలభై నాలుగు, నలభై అయిదేళ్ల మనిషి, ముంజేతుల దాకా నల్లటి నూనె, ఒక పైపును యంత్రంలో పెట్టి నొక్కుతున్నాడు.

బ్రహ్మచారిని చూసి అతను యంత్రం ఆపాడు. గుర్తుపట్టాడని ముఖంలోనే తెలిసింది.

"చారి సాబ్ కదా. కూసోండ్రి" అని స్టూలు తుడిచి ఇచ్చాడు. దేవకృపకు కుర్చీ తెప్పించాడు. చాయ్ చెప్పి పంపాడు. ఏం పని మీద వచ్చారని అడగలేదు.

బ్రహ్మచారి దారి పొడుగునా ఏం చెప్పాలో కూర్చుకున్నాడు. తీరా ఎదురుగా కూర్చున్నాక అదంతా పక్కన పెట్టి సూటిగా అన్నాడు.

"నువ్వు నా ఇంటికి రెండుసార్లు వచ్చినవ్ తిరుమల్. నేను బయటికి సుత రాలే. నువ్వెవరో, ఏం చేసినవో తెలుసుకోలే. తప్పు చేసిన."

తిరుమల్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "గప్పుడు మస్తు కోపమొచ్చింది సాబ్. అబద్ధమెందుకు చెప్పాలె. పేపర్ల మీ ఫొటో చూసిన. మీ ఎనక నా మిషన్. నేను లేను. మనసుకు జెర తక్లీఫ్ అయింది. మూడేండ్లు ఈ దిక్కు ఎవ్వరూ మిషన్ ఇయ్యలే. గీడు నడుమల దిగి పోతడు అని పేరు పడ్డది. సిద్దిపేట దిక్కు పోయి బోర్ బండి మీద పని చేసిన. తర్వాత ఈ పని నేర్చుకున్న. ఇప్పుడు మంచిగనే ఉన్న."

"ఎందుకు ఆపారండి, ఆ రోజు?" దేవకృప అడిగింది.

"కుంట కోసం కాదు మేడం. కుంట సంగతి నాకేం ఎర్క? మిషన్ ఎక్కి అప్పటికి రెండు నెలలు. కాంట్రాక్టర్ కింద నిలబడి నడుపు, నడుపు, లేసి ఉరుకుతడు అంటున్నడు. ఈయన లేస్తలేడు. కండ్లు మూసుకొని ఉన్నడు. మా నాయన సుత గట్లనే పండుకుంటడు, చెయ్యి తల కింద పెట్టుకొని. నాతోని కాలే. బంద్ చేసిన. ఇంకొకడు ఎక్కి నడుపుతడేమోనని తాళంచెవి తీసుకొని బస్సెక్కి మామ దగ్గరికి వచ్చేసిన. మరునాడు మధ్యాన్నం వాళ్లు వచ్చి పట్టుకునేదాంక ఇక్కడనే ఉన్న."

అదే మరునాడు పొద్దున కోర్టు తెరిచింది. మధ్యాహ్నానికి స్టే వచ్చింది. ఆ ఒక్కరోజు ఎట్లా దొరికిందో బ్రహ్మచారి ఇన్నేళ్లలో ఒక్కసారీ తనను తాను అడగలేదు. తాను పడుకున్నాడు కాబట్టి దొరికింది అనుకున్నాడు. చాయ్ చల్లారిపోయింది. ఆయన చేతులు జోడించబోతే తిరుమల్ పట్టుకుని ఆపాడు.

"వద్దు సాబ్. మీరు పెద్దోళ్లు."

"మా స్కూలుకు వచ్చి పిల్లలకు ఇదే చెప్తారా?" అని దేవకృప అడిగితే అతను తల అడ్డంగా ఊపాడు.

"ఇస్కూల్ల నిలబడి మాట్లాడుడు నాతోని కాదు. పిల్లలు ఈడికొస్తే చెప్త."

తిరిగి వస్తుంటే కారులో దేవకృప నెమ్మదిగా అడిగింది. "చారిగారూ, ఆయన చేసింది పుస్తకంలో వేస్తాం, అది సరే. మీరు ఆయన్ని పొమ్మన్న సంగతి కూడా వేయాలా? పిల్లలు మీ గురించి గొప్పగా అనుకుంటున్నారు."

"ఎయ్యాలె బిడ్డా. లేకుంటే ఆ పోరి అడిగిందానికి సగం జవాబే అయితది."

రెండు వారాల తర్వాత పదకొండు మంది పిల్లలు షెడ్డుకు వచ్చారు. పైపుల చుట్టల మీద, ఖాళీ డబ్బాల మీద కూర్చున్నారు. తిరుమల్ మొదట తడబడ్డాడు. బకెట్ ఎట్లా లేస్తుంది, లివర్ ఎటు తోస్తే ఎటు పోతుంది అని చెప్పడం మొదలుపెట్టాక మాట దారిలో పడింది. పిల్లలు దాని మీదే ఇరవై ప్రశ్నలు అడిగారు. ఆ తర్వాత కట్ట, కాంట్రాక్టర్, తాళంచెవి. అతను ముగించాక బ్రహ్మచారి తన వంతు తీసుకుని, ఇంటికి వచ్చిన మనిషిని చూడకుండా పంపిన సంగతి చెప్పాడు. ఈసారి ఎక్కడ ఆగాలో ఆయనకు తెలియలేదు. రెండు మూడు చోట్ల మాట దొరకక ఆగాడు. పిల్లలు కదలకుండా విన్నారు.

ఫెయిత్ నోట్‌బుక్ మూసి తిరుమల్‌ను అడిగింది. "అంకుల్, ఇప్పుడు కూడా మీరు అలాగే ఆపుతారా?"

"ఏమో తల్లీ. ఇప్పుడు ఇద్దరు పిల్లలున్నరు. ఆపుతననే అనుకుంటున్న. ఆ సీట్ల కూసుంటే గాని తెల్వదు."

ఆమె మళ్లీ నోట్‌బుక్ తెరిచి ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకుంది. తర్వాత బ్రహ్మచారి వైపు చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాడు. ఆమె అడగలేదు. పోయేటప్పుడు మాత్రం వచ్చి, "థాంక్యూ తాతా" అని చెప్పి వెళ్లింది.

పుస్తకం ఫిబ్రవరిలో వచ్చింది. అందులో బ్రహ్మచారి మీద రాసిన దానిలో దాదాపు సగం తిరుమల్ గురించే ఉంది. చదివినవాళ్లు కొందరు బ్రహ్మచారికి ఫోన్ చేసి, నువ్వు పొమ్మన్న ఆ చివరి ముక్క ఎందుకయ్యా అన్నారు. ఆయన వాళ్లతో వాదించలేదు. విమలమ్మ పుస్తకం రెండుసార్లు చదివించుకుని వింది. "అన్నం పెట్టిననని రాసిన్రు, మంచిగున్నది గానీ, ఏం కూరనో రాయలే" అంది.

మార్చిలో ఒక ఆదివారం పొద్దున తిరుమల్ తన చిన్న కూతురు కల్పలతను బండి మీద ఎక్కించుకుని తుంగకుంటకు వచ్చాడు. ఆ పొద్దు తర్వాత అతను ఆ కట్ట ఎక్కడం ఇదే మొదలు. బ్రహ్మచారి తూము చూపించాడు, అప్పుడు తాను పడుకున్న చోటు చూపించాడు. ఆ పిల్లకు అదేమీ పట్టలేదు. నీళ్లలో మునిగి తేలుతున్న నీటికోళ్ల వెంట కట్ట మీద పరుగెత్తింది. ఇద్దరూ ఆమె వెనక నడిచారు.

తూర్పు మూలకు పోయేసరికి తిరుమల్ నిలబడిపోయాడు. కట్ట కింద, నీళ్ల అంచున పగలగొట్టిన ఇళ్ల ఇటుకలు, సిమెంటు పెళ్లలు కుప్పగా పడి ఉన్నాయి. మీద ఇంకా మన్ను పేరుకోలేదు.

"ఇదేంది సాబ్?"

"పదిహేను దినాలైంది. తెల్లారకముందే టిప్పర్ వచ్చి పోసి పోతుందంట. రెండు దరఖాస్తులు పెట్టిన. ఎవరిదో తెలుస్తలేదు."

తిరుమల్ కిందికి దిగి మెత్తటి నేల మీద పడ్డ చక్రాల అచ్చులు చూశాడు. ఒకచోట వంగి, మట్టిలో ఇంకిన నూనె మరకను వేలితో తాకి వాసన చూశాడు.

"దీని పైపు కారుతుంది సాబ్. గిట్ల ఎక్కువ దినాలు నడవదు. బాగుచేయించనీకి మా దిక్కే రావాలె" అన్నాడు. పైకి వచ్చి ఫోన్ తీసి తన షెడ్డులో పనిచేసే అతనికి ఫోన్ చేశాడు. ఈ వారంలో పైపు కారుతూ వచ్చిన టిప్పర్ల నంబర్లు రాసిపెట్టమన్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుంటూ, ఈసారి పెట్టే దరఖాస్తులో నా పేరు కూడా రాయండి అన్నాడు.

బ్రహ్మచారి జేబులోంచి కాగితం, పెన్ను తీసి, అతని ఇంటిపేరు అడిగి రాసుకున్నాడు. అవతల కల్పలత తొందరగా రమ్మని నాన్నను పిలుస్తోంది.