రొయ్యల ఐసులో వచ్చిన నెత్తురు

హైదరాబాదు బండి దిగి కాకినాడలో ఇంటికొచ్చిన మురళీకృష్ణకి చెల్లెలు రామతులసి అరుగు మీదే ఎదురొచ్చింది.

"తెలిసిందా అన్నయ్యా, దాని పేరు?"

ఆమెది లూపస్ జబ్బు. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటి మీద తిరగబడి మూత్రపిండాలను పాడుచేస్తోంది. ఏ ప్రోటీను మీద దానికంత పగో, తను పరిశోధన చేసే ల్యాబులోని మాస్ స్పెక్ట్రోమీటర్ చెబుతుందని మురళి ఆశ. ప్రోటీన్లను ముక్కలు చేసి, ఒక్కో ముక్క బరువూ తూచి, ఇది ఫలానాదని పోల్చే యంత్రం అది. మందులు పడితే ఆ జాడ చెదిరిపోతుందని, నెత్తురు తీసేదాకా ఆగమని డాక్టరుగారిని బతిమాలిందీ అతనే. తీసిన సాయంత్రమే స్టెరాయిడ్లు మొదలయ్యాయి.

మురళి తండ్రి వైపు తిరిగాడు. అచ్చిబాబు హార్బరులో రొయ్యలు ప్యాకింగ్ చేయించే మనిషి. నెత్తురు హైదరాబాదు చేర్చింది ఆయనే.

"నాన్నా, ఆ గొట్టాలు ఎలా సర్దారు?"

"ఎలా ఏంట్రా? చల్లగా తెమ్మన్నావు. ఐసులో ఉప్పు కలిపి దట్టంగా ఏశాను, మన రొయ్యలకి ఏసినట్టే. రాయిలా దిగిందా లేదా?"

రాయిలాగే దిగింది. ఐసులా గడ్డకట్టి ఎర్రకణాలన్నీ పగిలిపోయాయి. ఆశ చావక యంత్రానికెక్కిస్తే, ఎక్కడ చూసినా వాటిలోంచి కారిన హిమోగ్లోబినే. వెతికేది దాని కింద ఎక్కడో కూరుకుపోయింది.

"గడ్డకట్టకూడదు నాన్నా. అంతా పోయింది."

అచ్చిబాబు మొహం పాలిపోయింది. "ఆ మాట చెప్పలేదు కదరా! మళ్ళీ తీద్దాం. ఈసారి ఒళ్ళో పెట్టుకుని తెస్తాను."

"మందులు పడ్డాక లాభం లేదు."

"అయితే మానేస్తాను," అంది రామతులసి. "ఎలాగూ ఈ బిళ్ళలకి మొహం గుమ్మడికాయైపోయింది. వీధిలో పిల్లలు బూరెమ్మా అని పిలుస్తున్నారు."

"అలా కుదురుద్దేంట్రా?" తండ్రి గొంతులో ఆశ.

కుదురుతుంది. బండిలో దారి పొడుగునా మురళిని తొలిచిన ఆలోచనే అది. ఆ మాట తనే అడుగుదామనుకున్నాడు. చెల్లెలి పాదాల వైపు చూశాడు. మందులు పడ్డాక వాపు తగ్గి, చీలమండల ఎముకలు మళ్ళీ కనిపిస్తున్నాయి.

"ఇవాళ్టి బిళ్ళ వేసుకున్నావా?"

"లేదు. నువ్వు ఆ పేరు పట్టుకొస్తున్నావని ఆపాను."

"ఏదీ, ఇలా తే."

"పేరు తెలిస్తే మందు దొరుకుద్దన్నావుగా అన్నయ్యా!"

"అన్నాను. నోరు తెరువు."

ఆమె ఏడుస్తూనే తెరిచింది. అచ్చిబాబు "నేనే చెడగొట్టానురా" అంటూ గోడకి జారగిలబడ్డాడు. మురళి బిళ్ళ ఆమె నోట్లో వేసి గ్లాసు ఎత్తాడు; నీళ్ళు ఆమె మెడ మీదుగా కారిపోతున్నాయి. మింగేదాకా అతను గ్లాసు దించలేదు.