తొండలగుట్ట పెద్దపులి

నాంపల్లి స్టేషన్ ఎదుట ఒక లాడ్జి పై అంతస్తులో వనవిహారాల విభాగం అనే చిన్న సర్కారు ఆఫీసు ఉండేది. దాని సూపరింటెండెంటు ఇంద్రసేన. చెట్టుమీదా పిట్టమీదా ఆయనకు ప్రేమా లేదు, పగా లేదు. అంతకుముందు ఎక్కడో దుకాణాల్లో బాట్లూ తరాజులూ తనిఖీ చేస్తుండేవాడు; బదిలీ మీద అడవులకు వచ్చాడు. వచ్చిన మరుసటేడు, అంటే అరవై ఆరులో, ఊరిబయట ఉన్న ఒక గుట్టను ఆయన చేతిలో పెట్టి, వానలు పడేలోపల దాన్ని వన్యప్రాణుల ఉద్యానవనంగా మార్చమని పైనుంచి హుకుం వచ్చింది.

చుట్టుపక్కల పల్లెలవాళ్ళు దాన్ని తొండలగుట్ట అంటారు. పూర్వం ఒక జాగీర్దారు అక్కడ వేటాడేవాడు. వేటాడడానికి ఏమీ మిగలకపోయేసరికి మానేశాడు. అటుతర్వాత ఆ రాళ్ళ మీద ఎవరికీ ఆశ లేదు కాబట్టి, వాటిని వన్యప్రాణులకు దానం చేయడానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. మంత్రిగారి చేత తొండలగుట్టను ప్రారంభింపజేస్తే బాగుండదని ఇంద్రసేన దానికి 'మృగరాజ వనం' అని పేరు పెట్టాడు.

ప్రారంభోత్సవానికి ఒక పుస్తకం కావలసి వచ్చింది. ఆ చోటు చరిత్ర కొంత, అక్కడి జంతుజాలం కొంత. చరిత్ర రాసే పని రిటైరైన లెక్చరరు మల్లేశ్వరరావుకు అప్పగించారు. ఏ బావి చూపించినా అందులో స్నానం చేసిన రాజకుమారిని చూపించగల పండితుడాయన. తొండలగుట్ట కుంటలో గోల్కొండ రాజకుమార్తె జలకాలాడిందని రాశాడు. ఆ కుంట కరువు పనుల కింద పదేళ్ళ కిందట తవ్వినది.

జంతువుల సంగతి రాయమని జయమణిని అడిగారు. ఆమె ఆబిడ్స్‌లో ఒక మిషన్ బాలికల స్కూల్లో సైన్సు టీచరు. మెదక్ నుంచి వచ్చి చాపెల్ రోడ్డులో కిరాయి ఇంట్లో ఉండేది. భర్త ఎర్నెస్ట్ స్టేషన్లో పార్సిళ్ళ గుమాస్తా. అడిగిందే చాలని జయమణి ఒప్పుకుంది. ఆదివారం చర్చి కనుక శనివారాలు బస్సెక్కి, దిగిన చోటునుంచి ఎండలో నడిచి, గుట్టంతా తిరిగింది. ఎర్నెస్ట్ మొదటిసారి వెంట వెళ్ళి, చెప్పు తెగడంతో రెండోసారి మానేశాడు.

ఆమె రాసినదాంట్లో కుందేళ్ళున్నాయి, ముంగిసలున్నాయి, ఒక నక్కల జంట, ఒక ఉడుము, కౌజుపిట్టలు, పాలపిట్టలు, బండ సందుల్లో కాపురముండే గుడ్లగూబ ఉన్నాయి. రాళ్ళ మధ్య వట్టి నేల మీద గుడ్లు పెట్టి, అవి రాళ్ళో గుడ్లో తెలియకుండా చేసే తీతువు గురించి ఒక పేజీ రాసింది. తొండల గురించి రెండు పేజీలు రాసింది. ఏ కాలంలో మగ తొండ మెడ ఎర్రబడుతుందో, ఎందుకు తల ఆడిస్తుందో, చదివితే తొండ మీద గౌరవం కలిగేలా ఉంది.

ఇంద్రసేనకు మాత్రం కలగలేదు. కాగితాలు తిప్పి తిప్పి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు.

"తొండను చూసెటందుకు బస్సెక్కి ఎవరొస్తరు మేడం? తొండ మా ఇంటి గోడ మీద గూడ ఉన్నది."

ఉన్నవే రాశానని జయమణి అంది. ఉన్నవి సరే, పేరుకు తగ్గట్టు ఒక్కటన్నా ఉండాలి కదా అని ఆయన వాదించాడు. మృగరాజంటే సింహమని ఆమె గుర్తుచేసింది. సింహమంటే మరీ ఎక్కువైపోతుందని ఇంద్రసేన ఒప్పుకున్నాడు.

"పులి చాలు," అన్నాడు. "ఉన్నదని రాయకండి. ఉండొచ్చునని రాయండి. ఉండొచ్చునన్న మాటల అబద్ధమేమున్నది?"

"మా పిల్లలు పరీక్షల గట్ల రాస్తే నేను సున్న పెడ్త సార్."

ఇంద్రసేన నవ్వి ఊరుకున్నాడు. ఆయన నవ్వితే పని జరిగిపోయినట్టే అని ఆమెకు అప్పటికి తెలియదు. ఆబిడ్స్‌లో పోస్టాఫీసు వెనక సందులో ఉన్న ప్రెస్సుకు వెళ్ళి తన ప్రూఫులు తానే దిద్దుకుంది, పులి ఎక్కడా లేదని చూసుకుంది, నిశ్చింతగా ఇంటికి వెళ్ళింది. మరునాడు పొద్దున ఇంద్రసేన ఆఫీసుకు వెళ్తూ అదే ప్రెస్సు ముందు రిక్షా ఆపించాడు.

పుస్తకం అచ్చయి వచ్చింది. తొండలకు మూడు వాక్యాలు మిగిలాయి. తీతువు ఎగిరిపోయింది. కొత్తగా ఒక పేరా చేరింది: 'సాయంకాల వేళ పెద్దపులి గంభీరంగా నడచివచ్చి, రాజకుమారి స్నానమాడిన కుంటలో దాహం తీర్చుకొనే దృశ్యం సందర్శకులకు మరపురాని అనుభూతి.' కింద జయమణి పేరు, పేరు పక్కన ఆమె డిగ్రీలు.

జయమణి నాంపల్లికి వెళ్ళి మెట్లెక్కి అడిగింది. ఇంద్రసేన చాయ్ తెప్పించాడు, బిస్కెట్లు తెప్పించాడు, తప్పు ప్రెస్సువాడిదన్నాడు, రెండో ముద్రణలో తీసేస్తామన్నాడు. ఆమె చాయ్ ముట్టుకోకుండా వచ్చేసింది. పై అధికారులకు అర్జీ పెట్టుకుంటే, తమరు తెలిపిన పులి విషయం పరిశీలనలో ఉన్నదని జవాబు వచ్చింది.

ప్రారంభోత్సవం రోజు మంత్రిగారు పుస్తకం తిరగేసి, పులి ఎక్కడని అడిగాడు. పగలు పడుకుంటుందని ఇంద్రసేన విన్నవించాడు. పడుకోనివ్వండి, ఊరికే లేపకండి అని మంత్రిగారు దయగా సెలవిచ్చి, రిబ్బను కత్తిరించి, ఉపన్యాసం లేకుండానే కారెక్కాడు. అంత క్లుప్తంగా ముగిసిన ప్రారంభోత్సవం ఆ జిల్లాలో మరొకటి లేదు.

మొదటి వారాలు సుల్తాన్ బజార్ నుంచీ హిమాయత్‌నగర్ నుంచీ జనం పులిహోర డబ్బాలు కట్టుకుని వచ్చారు. సాయంత్రమయ్యే కొద్దీ పుస్తకంలోని పేరా గుర్తుకొచ్చి తొందరపడేవారు. ఒకరోజు ఎవరో బండ వెనక గుర్రు విన్నామన్నారు. అది అక్కడ నిద్రపోయిన చౌకీదారుదేనని తర్వాత తేలింది కాని, తేలిన సంగతి వినడానికి ఎవరూ మిగల్లేదు. బస్సు ఖాళీగా వెళ్ళి ఖాళీగా రాసాగింది.

ఆ తర్వాత పులి మేకలు తినడం మొదలుపెట్టింది.

మొదటి మేక ఎవరిదో గాని, దాని యజమాని పుస్తకం చేతపట్టుకుని నాంపల్లి ఆఫీసుకు వచ్చాడు. పులి లేదందామంటే సర్కారు అచ్చేసిన పుస్తకం. ఉందందామంటే మేకకు పరిహారమివ్వాలి. ఇంద్రసేన ఒక పూటంతా చెమటలు కక్కి పరిహారం వైపు మొగ్గాడు. ఆ వార్త పల్లెలకు చేరగానే పులి ఆకలి విజృంభించింది. ముసలి మేకలను తిన్నది, రోగం వచ్చినవాటిని తిన్నది, సంతలో అమ్ముడుపోయినవాటిని కూడా వెతికి వెతికి తిన్నది. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పల్లెల్లో ఏనాడూ లేనన్ని మేకలు దాని పొట్టలో ఉన్నాయి.

ఇంట్లో ఎర్నెస్ట్‌కు ఇది రోజూ దొరికే వినోదం. డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, "ఏంది జయా, నీ పులి ఇయ్యాల తిన్నదా, ఉపాసమా?" అని అడిగేవాడు. లేని పులిని నమ్మే సర్కారునూ, జనాన్నీ తలుచుకుని పడీ పడీ నవ్వేవాడు. జయమణికి నవ్వు వచ్చేది కాదు. స్కూల్లో కొత్తగా చేరిన పిల్లలు ఆమెను పులి టీచర్ అంటున్నారని ఆమెకు తెలుసు.

అయినా శనివారాలు ఆమె గుట్టకు వెళ్తూనే ఉంది. పులి లేదన్న నమ్మకంతో గుట్ట ఎక్కగల మనిషి ఆమె ఒక్కతే కదా. అక్కడ ఆమె చూసింది వేరు. పులి భయానికి కట్టెలు కొట్టేవాళ్ళు రావడం లేదు. ఉచ్చులు పెట్టేవాళ్ళు రావడం లేదు. గుట్ట తూర్పు కొసన తూటాలు పెట్టి బండలు పగలగొట్టించే కంట్రాక్టరు వెంకటనర్సయ్య దగ్గర కూలీలు నిలవడం లేదు. కుందేళ్ళు దారి మధ్యనే కూర్చుని ఆమెను చూస్తున్నాయి. నక్కలకు పిల్లలు పుట్టాయి. ఎక్కడినుంచో నెమళ్ళు వచ్చి చేరాయి. తీతువు గుడ్లు తొక్కేవాళ్ళు లేరు. జాగీర్దారు వేట మొదలుపెట్టినప్పటినుంచీ గుట్ట ఇంత సుఖంగా ఉన్నది లేదు.

ఆ ఏడు ఆమె పై అధికారులకు మళ్ళీ అర్జీ పెట్టలేదు. పెట్టలేదన్న సంగతి ఎర్నెస్ట్‌కు కూడా చెప్పలేదు. చర్చిలో పాస్టరుగారు అబద్ధ సాక్ష్యం గురించి ప్రసంగించిన ఆదివారం మాత్రం పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు.

ఒకరోజు మధ్యాహ్నం విరామ వేళకు వెంకటనర్సయ్య స్కూలుకు వచ్చాడు. తెల్లని ధోవతి, చేతికి గడియారం, సంచిలో మామిడిపండ్లు. నిజం కోసం ఆయన పడుతున్న తపన చూస్తే ఎవరికైనా కళ్ళు చెమర్చేవి. చదువుకున్న తల్లి పేరు మీద ఇంత అబద్ధం చెలామణి కావడం తన మనసుకు కష్టంగా ఉందన్నాడు. సత్యమే జయిస్తుందని సర్కారు ముద్ర మీదనే ఉన్నదన్నాడు. ఒక్క కాగితం మీద పులి లేదని రాసి సంతకం చేస్తే, తన కూలీలకు చదివి వినిపించుకుంటానన్నాడు.

జయమణి మామిడిపండ్ల సంచి ఆయనవైపే జరిపింది.

"పులి లేదని మీకు నమ్మకమేనా?"

"ఔ. పక్కా."

"అయితే ఒక్క రాత్రి గాడ కుంట గట్టు మీద పండుకోండి. పొద్దున మీరొచ్చి చెప్తే నేను రాసిస్త."

వెంకటనర్సయ్య సంచి తీసుకుని లేచాడు. తనకు చక్కెర రోగమున్నదనీ, చలిగాలి పడదనీ చెప్పి, నిజాన్ని ఆబిడ్స్‌లోనే వదిలి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం జయమణి ఇంటికి నడుస్తూ తనలో తానే నవ్వుకుంది. నవ్వినందుకు సిగ్గుపడింది కూడా.

డెబ్భై రెండులో దేశమంతటా పులులను లెక్కపెట్టసాగారు. లెక్క కోసం ఢిల్లీ నుంచి ఒక అధికారి వస్తున్నాడని తెలిసి ఇంద్రసేనకు జ్వరం వచ్చింది. మెట్లెక్కి దిగడమే తప్ప ఏనాడూ ఎవరింటికీ వెళ్ళని మనిషి చాపెల్ రోడ్డుకు వెతుక్కుంటూ వచ్చాడు.

"మేడం, మీరు జర నన్ను కాపాడాలె. ఒక్కసారి చూసిన అని చెప్పండి. దూరం నుంచి."

ఆమె చెప్పనంది. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతానంది. ఇంద్రసేన వెళ్ళాక ఆమెకు నిద్ర పట్టలేదు. నిజం చెబితే వెంకటనర్సయ్య తూటాలు మర్నాడే పేలతాయి. చెప్పకపోతే, ఇన్నేళ్ళూ పిల్లల నోట్సుల్లో ఎర్రసిరాతో కొట్టేసిన తప్పులన్నీ తన నెత్తిమీదికి వచ్చినట్టే. చివరికి, గుట్ట పోతే పోనీ, తన నోటితో పులిని పుట్టించలేనని తేల్చుకుంది.

అధికారి వచ్చాడు. ఎండ ఎక్కువగా ఉందని గుట్టకు వెళ్ళలేదు. నాంపల్లి ఆఫీసులో ఫంకా కిందనే పులిని లెక్కపెట్టడానికి కూర్చున్నాడు. హైదరాబాదులో కొన్నాళ్ళు పనిచేసినవాడు కావడంతో తెలుగు వచ్చు. ఎదుట పుస్తకం, పక్కన మేకల అర్జీల కట్టలు.

"అమ్మా, మీరు ఈ పులిని చూశారా?"

"లేదు సార్. ఎవ్వరూ చూడలేదు. గాడ పులి లేదు."

ఇంద్రసేన కళ్ళు మూసుకున్నాడు. అధికారి తల ఊపి కలం తీశాడు.

"అరుదైనది," అని పైకి చదువుతూ రాసుకున్నాడు. "మనుషులకు కనబడదు."

"అరుదు కాదు సార్, లేనే లేదు."

"అరుదంటే అదేనమ్మా," అని ఆయన ఓపికగా విడమరిచాడు. ఇన్ని మేకలను తిన్న పులి లేదంటే లెక్కలు పాస్ చేసినవాళ్ళంతా ఏమవుతారన్నాడు. ఆమె నిజాయితీని కూడా మెచ్చుకున్నాడు. చూడకుండానే చూశామనేవాళ్ళు దేశంలో ఎక్కువైపోయారట.

జయమణి మెట్లు దిగి స్టేషన్ ముందు కాసేపు నిలబడింది. అన్నేళ్ళు గొంతులో పెట్టుకున్న నిజం చెప్పేసింది. ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా లేదు. ఏడవాలో నవ్వాలో తోచక ఒక సోడా తాగి ఇంటికి వెళ్ళింది.

కాని ఆ లెక్క గుట్టను వదిలిపెట్టలేదు. పులి ఉన్న చోటుగా ఢిల్లీ నుంచి నిధులు వచ్చాయి. కాపలాకు తుపాకుల జవాన్లు వచ్చారు. జవాన్లు రావడంతో కూలీలకు ధైర్యం వచ్చింది. పులిని చూడడానికి కుంట పక్కన ఎత్తైన బురుజు ఒకటి, అక్కడిదాకా డాంబరు రోడ్డు, అధికారులకు బంగళా మంజూరయ్యాయి. కంట్రాక్టు వెంకటనర్సయ్యకు దక్కింది. రాయి బయటినుంచి తేవడం దండుగని గుట్టనే పగలగొట్టాడు. నక్కల బొరియ ఉన్న బండ బురుజుకు పునాది అయింది. రోడ్డు తీతువు నేల మీదుగా వెళ్ళింది. కొండంత మేలు చేసిన పులే కొండను మింగేసిందని జయమణి ఎర్నెస్ట్‌తో అంది. ఆరోజు ఎర్నెస్ట్ ఎగతాళి చేయలేదు.

బురుజు తెరిచాక జనం మళ్ళీ విరగబడి వచ్చారు. ఇంద్రసేనకు ప్రమోషన్ వచ్చింది. ఒక శనివారం, కోపం తగ్గడానికి ఒకసారి చూసివద్దామని ఎర్నెస్ట్ ఆమెను బలవంతంగా బయల్దేరదీశాడు. మెట్ల నిండా మనుషులు. పైన కటకటాలకు ఆనుకుని అందరూ ఒకే వైపు చూస్తున్నారు. ఒకాయన పొదల్లో తోక చూశానన్నాడు. కాచిగూడ నుంచి వచ్చిన ఒకామె రెండు కళ్ళూ చూశానంది. ఎర్నెస్ట్ నవ్వుతూ వాళ్ళ మధ్యకు దూరాడు, చేయి కళ్ళకు అడ్డంపెట్టుకుని చూశాడు, చూస్తూ చూస్తూ నవ్వడం మానేశాడు.

"జయా, గాడ చూడు. పసుపుగ ఏందో కదిలింది."

అది ఎండుగడ్డి అని జయమణి చెప్పింది. గడ్డి అట్లా కదలదని ఎర్నెస్ట్ అన్నాడు. ఇన్నేళ్ళుగా ఈ గుట్ట తిరుగుతున్నది తనా ఆయనా అని ఆమె అడిగింది. నువ్వు కింద తొండలను చూసుకుంటూ తిరిగితే పులి ఎట్లా కనబడుతుందని ఆయన ఎదురడిగాడు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఎర్నెస్ట్ వెనక సీటువాళ్ళతో నాంపల్లి వచ్చేదాకా తోక పొడవు గురించి పోట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళు మూరన్నర అంటారు. ఆయన రెండు మూరలకు ఇంచు తగ్గడు.