తెల్ల కార్డు

ఒలిందో ఫవరెత్తో రొట్టె పలుకు ఒకటి తుంచి సొరుగు అంచున నిలబెట్టాడు. ఎవరైనా సొరుగు లాగితే అది రాలి తీరాలి. మూడు రోజులుగా ఆయన భోజనం చేసి వచ్చేసరికి రాలిపోయే ఉంటోంది.

పాదువాలోని ఆ నిఘంటువు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయనది ఒకటే పని. ఒకే మూలం నుంచి పుట్టిన మాటలను ఒకచోట చేర్చి దారంతో కట్టడం. విశేషణానికి పసుపు కార్డు, క్రియకు తెల్ల కార్డు, ప్రతి కార్డు చివర పెన్సిలుతో 'ఒ.ఫ.' అని పొడి అక్షరాలు. ఇప్పుడు నడుస్తున్నది తెలుపు కట్ట. 'బియాంకో' అంటే తెల్లని. దానికి ముందొక ముక్క, వెనకొక ముక్క అతికిస్తే 'ఇంబియాంకారే', తెల్లగా చేయడం. ముందు ముక్క తీసేసి వెనక ముక్క మార్చితే 'బియాంకెజ్జారే', దూరాన తెల్లగా కనబడటం. పెళ్లి చేసుకోని ఒలిందోకు ఈ కుటుంబాలే కుటుంబాలు.

ఆ కార్డులే మాయమవుతున్నాయి. మర్నాటికి తిరిగొస్తున్నాయి గానీ, కొత్తగా కనిపిస్తున్నాయి. ఎదురు బల్ల నివెస్ జానన్ మీదే ఆయన అనుమానమంతా. అడగకుండా కాఫీ తెచ్చిచ్చే మనిషిని నమ్మడమెలా? నిఘంటువు అచ్చయ్యేనాటికి తన పేరు ఎగిరిపోయి ఆమె పేరు కూర్చుంటుందని ఆయనకు నిద్ర పట్టడం లేదు. డైరెక్టరునూ ఆయన నమ్మడు. ఈ చలికాలం నుంచి చవక బల్బులు పెట్టించి గదంతా పసుపుపచ్చగా చేశాడని గొణుగుతుంటాడు.

ఆ రోజు సూపు సగంలో వదిలేసి ముందే వచ్చాడు. పలుకు నేల మీదుంది. నివెస్ సంచీ కుర్చీలో ఉంది. సిగ్గు వదిలి తెరిచాడు. తన కార్డులు, పక్కనే వాటి నకళ్లు. నకళ్ల మీద అచ్చం తన వాలుతోనే 'ఒ.ఫ.'.

"దొంగతనం చాలక నా చేవ్రాలు కూడానా?"

గుమ్మంలో నివెస్ ఆగిపోయింది. "అరవకండి మహానుభావా, డైరెక్టరు గారికి వినబడుతుంది."

"వినబడాలనే!"

ఆమె ఖాళీ కార్డు ఒకటి తీసి చూపించింది. "ఇదేం రంగు?"

"నన్ను చంటిపిల్లాణ్ణి చేస్తున్నావా? పసుపు."

"కిటికీ దగ్గర చూడండి."

చూశాడు. పసుపే.

"అది తెలుపండీ," అంది నివెస్, గొంతు తగ్గించి. "చలికాలం నుంచీ పసుపూ తెలుపూ కలిపేస్తున్నారు. డైరెక్టరు చూస్తే ఆ పూటే ఇంటికి పంపేస్తాడు. అందుకే తిరగరాస్తున్నా."

ఒలిందోకు ముందు కోపమొచ్చింది, ఆమె దొంగ కానందుకు. తరువాత ఏడుపొచ్చింది.

"తెల్లది ఇవ్వమ్మాయ్. ఈ ఒక్కటీ నేనే రాస్తాను."

'ఇంబియాంకారే' అని రాసి, పొడి అక్షరాలు వేసి, కట్ట కట్టి సొరుగులో పెట్టాడు. సాయంత్రం తానే డైరెక్టరు గదిలోకి వెళ్లి, కళ్లు పోతున్నాయని చెప్పేశాడు. బల్ల సర్దుకుని, నివెస్‌కు టోపీ ఎత్తి, మెట్లు దిగిపోయాడు.

మర్నాడు కట్ట తీయబోయి నివెస్ చెయ్యి ఆగిపోయింది. సొరుగు అంచున కొత్త రొట్టె పలుకు ఒకటి నిలబడి ఉంది.