పళ్లచక్రం

కొండచరియ లారీ మీద విరిగిపడి భర్త పోయాక, కర్మకాండలన్నీ అయ్యాక, ఆమె మళ్లీ పాల ఫ్యాక్టరీలో పనికి వచ్చింది. ఆమె స్టోర్‌కీపరు. అతను ఆ స్టోరుకే విడిభాగాలు తెచ్చే డ్రైవరు. చివరిసారి తెస్తున్నవి ప్యాకింగ్ మిషన్‌కి పళ్లచక్రాలు. అవి రాక మిషన్ మూలపడింది, పాలు కాలువ పాలయ్యాయి.

ఆ దెబ్బకి మేనేజరు త్రీడీ ప్రింటరు కొనిపించాడు. కంప్యూటర్‌లో బొమ్మ ఉంటే చాలు, నైలాన్ తీగను కరిగించి పొర మీద పొర పోసి ఏ భాగాన్నైనా అక్కడికక్కడే తయారుచేస్తుంది.

"ఇక దారి మూసుకుపోయినా మనకేం ఫరవాలేదమ్మా," అన్నాడు. ఎవరితో అంటున్నాడో అప్పుడు తట్టి, నాలుక కరుచుకున్నాడు.

"ఎలా నడపాలో చెప్పండి సార్," అందామె.

నేర్చుకుంది. విడిభాగాలు నిల్వ పెట్టే పని లేక స్టోరులో అరలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నా ఆమెకేమీ అనిపించలేదు. తిండి కూడా అంతే, ఆకలైందని కాదు, వేళైందని తినేది.

ఒక ఉదయం చక్రం మళ్లీ విరిగింది. అప్పుడే ఆమె మరిది, అన్నలాగే డ్రైవరు, నైలాన్ తీగ చుట్టలు దింపుతున్నాడు. పని ముగించి ఆమె పక్కనే నిలబడ్డాడు. ప్రింటరు అద్దం వెనక కొత్త చక్రానికి పొర పొరగా పళ్లు మొలుస్తున్నాయి.

"ఇదేదో ముందే వచ్చుంటే అన్నయ్య ఆ లోడుకి వెళ్లేవాడే కాదు."

"ఇంట్లో కూర్చుని, కూరలో ఉప్పు తక్కువైందని నా ప్రాణం తీసేవాడు."

మరిది నవ్వబోయి, చుట్టల పెట్టె మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె అతని భుజం మీద చెయ్యి వేసింది. తనకూ ఏడుపొస్తుందేమోనని చూసింది. రాలేదు.

చక్రం పూర్తయింది. అంచులు గీకి మెకానిక్ చేతిలో పెట్టింది. కాసేపటికి ప్యాకింగ్ గదిలో మిషన్ కదిలింది, ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఇంకోటి చేసి ఉంచమంటారా?" అని లోపలున్న మేనేజరుని కేకేసి అడిగింది.

"ఎందుకమ్మా? కావాల్సినప్పుడు చేసుకుందాం!"

మరిది కళ్లు తుడుచుకుని లేచాడు. "నువ్వు ఏడవ్వా వదినా?"

"రావట్లేదయ్యా."

"వస్తుందిలే."

"రానీ. ఏ దారిన వెళ్తున్నావు?"

"ఆ కొండదారే. తెరిచారుగా."

ఆమె గేటు దాకా వెళ్లింది. లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి, ఖాళీ అయిన అరల మీద దుమ్ము తుడవసాగింది.