కాగితం కోసం చేసిన తూటాలు

నా మొగుడు ఓర్విల్ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. "తేలిక తూటాలు ఇచ్చారుగా, సంతోషించక ఎందుకే ఈ గొడవ?" అన్నాడు తను, పేపర్లోంచి తల ఎత్తకుండా. "బరువువి నీ చేతికి ఆగవు."

ఆ చెయ్యే వాళ్ళమ్మను రెండేళ్ళపాటు మంచం మీద పక్కకు తిప్పింది. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టింది. తడిసిన దుప్పట్లు పిండింది. అప్పుడది ఎవరికీ సున్నితంగా కనిపించలేదు. జీతమొచ్చే పనిలో చేరాకే అది సున్నితమైపోయింది.

మా ఒహాయో ఊళ్ళో ఆ ఏడాదే మొదటిసారి ఆడదాన్ని పోలీసు గస్తీకి తీసుకున్నారు. నన్నొక్కదాన్నే. సోమవారం నుంచి కారులో ఒంటరిగా తిరగాలి. మగవాళ్ళ రివాల్వర్లలో ఉండేవి మొనలో గుంట ఉన్న బరువు తూటాలు. తగిలినచోట విచ్చుకుని ఒంట్లోనే ఆగుతాయి, వెనక నిలబడ్డ పిల్లల మీదికి పోవు. నాకిచ్చినవి చదును మొనవి, కాగితపు బొమ్మకు చిల్లు పెట్టడానికి చేసినవి. స్టేషన్లో వాటి పేరు 'ఆడాళ్ళ తూటాలు'. నా మీదికి కత్తితో వచ్చేవాడు కాగితం కాదు.

"రివాల్వర్ వెనక్కి తన్నిందంటే ఏడుస్తావమ్మాయ్," అన్నాడు సార్జెంట్ రస్క్, మర్నాడు కాల్పుల మైదానంలో.

"ఏడుస్తూ కూడా కాల్చొచ్చు సార్. బరువువి ఇవ్వండి."

"గురి తప్పితే?"

"తప్పితే గస్తీ వదిలేసి టెలిఫోన్ బల్ల దగ్గర కూర్చుంటా."

"ఇంకేం, రేపట్నుంచి మాకు కాఫీ కూడా కలిపిస్తుంది!" అన్నాడొకడు వెనకనుంచి. ఇప్పుడు కలుపుతున్నదీ నేనేనని వాడికి తోచలేదు.

బరువువే ఇచ్చాడు, కాల్చాను. అరచెయ్యి మండింది, మణికట్టు జివ్వుమంది. తూటాలన్నీ బొమ్మ ఛాతీలోనే దిగాయి.

"అదృష్టం," అన్నాడు రస్క్.

"అయితే మీరూ కాల్చండి సార్. మీ బెల్టులో ఉన్నవే."

 అందరూ చూస్తుంటే రస్క్ బెల్టు తోలు అరలోంచి ఒక తూటా లాగాడు. ఇత్తడి మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. రివాల్వర్లో తూటా పెట్టే రంధ్రంలోకి సగమే దిగి ఆగింది. బొటనవేలితో నొక్కాడు. దిగలేదు.

"ఎన్నాళ్ళుగా ఉన్నాయి సార్ అవి?"

"గురి పరీక్షలో మేం కాల్చేవి తేలికవేలే," అన్నాడు, గొంతు తగ్గించి. "ఏటా అంతే. అవి కాల్చి, ఇవి పెట్టుకుని పోతాం. అందరం."

"అంటే ఆడాళ్ళ తూటాలే కాలుస్తారన్నమాట."

 రస్క్ కొత్త బరువు తూటాల పెట్టె నా చేతిలో పెట్టాడు. "తీసుకో వెల్డా. ఈ సంగతి మాత్రం చీఫ్ చెవిన పడనీకమ్మా. నీకు పుణ్యముంటుంది."

మగవాళ్ళ తప్పులు కప్పడం ఇంట్లో నేను జీతం లేకుండా చేసే పని. ఇక్కడ నాకు జీతం ఇస్తున్నది అందుకు కాదు.

రివాల్వర్ నింపుకున్నాను. స్టేషన్‌కి వెళ్ళి చీఫ్ గది తలుపు తట్టాను.